మెట్టమెట్టకీ మెత్తబడ్డ కబురు

లాగ్ 1.
ఒకటో పోస్టు, దిమిలిమెట్ట. ఎండ ఫెళ్ళున కాస్తోంది. బ్యాటరీ నిండుగా ఉంది.

లాగ్ ఇలాగే మొదలవ్వాలట. ముందు ఆకాశం, తర్వాత బ్యాటరీ, ఆ పైన వచ్చిన కబుర్లు, పోయిన కబుర్లు. రాసేవాళ్ళ మనసు సంగతి లాగ్‌కి అనవసరమని షారోన్ మేడమ్ మొదటి రోజే చెప్పేసింది. అనవసరమైతే కానీ, నేను రాస్తాను. మనవలున్న వయసులో కాలేజీలో చేరినదాన్ని, నాకింకా మార్కుల భయమేమిటి?

కాలేజీ అంటే పాత రైల్వే స్టేషను. వెయిటింగ్ హాలు మా క్లాసు. టికెట్ల కిటికీ వెనక రేడియో సెట్టు. గోడ మీద మాత్రం ‘దిమిలిమెట్ట కమ్యూనిటీ కాలేజీ, కమ్యూనికేషన్ టెక్నాలజీ విభాగం’ అని బారెడు బోర్డు ఉంది. విభాగం మొత్తానికి ఉన్నది ఒక మేడమ్, ఒక సెట్టు, గుప్పెడు పిల్లలు, నేను. పొద్దున్నే మా మొదటి పాఠం చింతపండుతో రాగితీగలు తోమడం. చిన్నప్పుడు మా అమ్మ దేవుడి చెంబులు తోమమంటే పరీక్షలున్నాయని తప్పించుకునేదాన్ని. ఇప్పుడు తోమడమే పరీక్ష.

పిల్లలకి నా పేరు వింటే నవ్వు. వాళ్ళందరూ ఎర్నాయుడు, సింహాచలం, పైడితల్లి. నా పేరు లాస్య. ‘మా తాతమ్మ పేరు కూడా అలాంటిదేనండి, శ్రీహిత’ అంది పైడితల్లి జాలిగా. మా కాలంలో ఇవి కొత్త పేర్లే తల్లీ అని చెప్పాను, నమ్మలేదు. మా అక్కని అప్ప అంటాను, పేరు లహరి. ఇద్దరి పేర్లూ కలవాలని మా నాన్న ఫోన్‌లో వెతికి వెతికి పెట్టాడట.

అప్ప తెప్పలపేటలో ఉంటుంది. సముద్రం మీద తేలే ఊరు అది. చేపల వెంట ఏడాదంతా తిరిగి, ముసురు నెలల్లో మాత్రం మన తీరం ఎదురుగా లంగరు వేస్తుంది. ఆ నెలల్లో పడవ కదలదు. పడవ కదిలే నెలల్లో ఊరు కనపడదు. ఆకాశంలో ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని రాలిపోయిన ఏడాది మాట్లాడాను మా అప్పతో ఆఖరిసారి. ఆ తర్వాత నాకొచ్చింది అప్ప కబురే గానీ అప్ప గొంతు కాదు.

మా సెట్ల బలం ఒక మెట్ట నుంచి పక్క మెట్ట దాకానే. తీరం దగ్గర కొమ్ముమెట్ట మీదున్న నాలుగో పోస్టుకి మాత్రమే సముద్రం మీది మాట నేరుగా వినపడుతుంది. అక్కడి ఆపరేటర్ గవరయ్యకి వయసైపోయింది. ఈ ఏడు పాసైనవాళ్ళలో ఒకరిని ఆ పోస్టులో వేస్తారు. చోళ్ళపిండి విసురుకుంటూ బతికినదాన్ని, ఇందుకే వచ్చి చేరాను. ఆ సెట్టు చెవికి పెట్టుకుని ఒక్కసారి మా అప్ప గొంతు వినాలి. నాకు ఇంకే డిగ్రీ అక్కర్లేదు.

లాగ్ 2.
ఒకటో పోస్టు. మబ్బు పట్టింది. బ్యాటరీ నిండుగా ఉంది.

మేడమ్ ఇవాళ పాఠం చెప్పింది. మనం మనుషులం కాదట, గొట్టాలమట. ఇటు పోసింది అటు పడాలి, మధ్యలో ఉప్పు కారం వెయ్యకూడదు. పక్క పోస్టు నుంచి మాట వింటాం. సెట్టుకున్నది ఒకే ఏరియల్. దాన్ని చేత్తో రెండో వైపుకి తిప్పి, విన్నమాట మన నోటితో మళ్ళీ అంటాం. చెప్పినవాళ్ళు ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనాలి. మీసాలున్న సింహాచలం ‘నాకు ఏడో నెల వచ్చిందమ్మా’ అని అభ్యాసం చేస్తుంటే క్లాసంతా పడీపడీ నవ్వింది. మాటలు దాచుకునే యంత్రాలు ఒకప్పుడు ఉండేవిగా అని ఎర్నాయుడు అడిగాడు. వాటికి కావలసిన చిప్పులు చేసేవాళ్ళే లేరిప్పుడు. ఉన్నవాటిని ఉప్పుగాలి తినేసింది. అందుకే మేము.

పాఠం అయ్యాక మేడమ్ తన సంచీలోంచి పాత మొబైల్ తీసింది. నల్లగా, చల్లగా ఉంది. పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. ఇందులోంచి ఎవరితోనైనా మాట్లాడొచ్చా అని ఒకడు, ఎంతసేపు అని ఇంకొకడు. మేడమ్ నా వైపు చూసింది. మా ఇద్దరికే తెలుసు ఆ సంగతి.

ఎంతసేపేమిటి నాయనా, మాకు లెక్కే లేదు. అప్ప విశాఖలో చదివేది, నేను రాజాంలో. సాయంత్రం హాస్టల్‌కి రాగానే ఫోన్ కలిపి దిండు పక్కన పడేసేవాళ్ళం. మాట్లాడుకునేదేమీ ఉండేది కాదు. అప్ప గదిలో ఫ్యాను కిర్రుమనడం నాకు వినపడేది. నేను చిప్స్ నములుతుంటే అటునుంచి తిట్టేది. ‘ఉన్నావా?’ అంటే ‘ఊఁ’. మళ్ళీ ఓ గంట మాటల్లేవు. అలాగే నిద్రపోయేవాళ్ళం. మాట అంత చవగ్గా దొరికిన రోజుల్లో దాన్ని నేల మీద పారబోసుకుని హాయిగా బతికాం. ఆ ఫ్యాను చప్పుడు ఇప్పుడు వినపడితే నేను ఆగలేను, ఏడ్చేస్తాను.

లాగ్ 3.
ఒకటో పోస్టు. జల్లు. బ్యాటరీ ముప్పావు.

తెప్పలపేట లంగరు వేసింది. ఈ ఏటి మొదటి కబుర్లు దిగాయి. నా వంతు లేని పూట సెట్టు దగ్గర నిలబడకూడదు, నిలబడ్డాను. రెండో పోస్టు నుంచి పైడిరాజు గొంతు: ‘లాస్యమ్మగారికి. నాకు కొంచెం జలుబు చేసింది, తగ్గింది. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. ఇక్కడ అందరం క్షేమం. మీ అప్ప లహరి.’

మీరు. చూసుకోండి. ప్రతి ఏడూ ఇంతే. నా వీపు మీద ఎక్కి జుట్టు పీకిన మనిషి నన్ను మీరు అంటుంది. మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత ఏమనుకోవాలో తెలీలేదు. ఇన్నేళ్ళ దూరంలో నేను పరాయిదాన్నైపోయానేమో. పెళ్ళిలో కనపడిన దూరపు చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తోంది. నేనూ మర్యాదకి ‘అంతా క్షేమం’ అని పంపిస్తాను. చావు కబురైనా ఇలాగే చెప్పుకుంటామేమో మేమిద్దరం.

లాగ్ 4.
ఒకటో పోస్టు. ముసురు. బ్యాటరీ సగం పైన.

చివరి పరీక్షకి ముందు అందరూ ‘వెనక్కి నడక’ చెయ్యాలి. మనకి అందిన ఒక కబురు పట్టుకుని, అది వచ్చిన దారినే పోస్టు పోస్టుకీ వెనక్కి వెళ్ళి, నువ్వేం విన్నావు, నువ్వేం చెప్పావు అని అడిగి రాసుకోవాలి. మాట ఎక్కడ ఎంత అరిగిందో తెలుస్తుందట. పిల్లలు ధాన్యం కబుర్లూ పెళ్ళి కబుర్లూ ఎంచుకున్నారు. నేను అప్ప జలుబు ఎంచుకున్నాను.

‘ఎండలేని రోజుల్లో దిగుతున్నారు, జాగ్రత్త’ అంది మేడమ్. ‘వర్షం వల్ల పోయే మాట తక్కువ లాస్యగారూ. నా అనుభవంలో మిగతాదంతా మనమే పోగొడతాం.’ ఏమిటో వివరించమంటే, వెళ్ళి చూసిరండి అంది.

రైలుపట్టాల మీద తోపుడు ట్రాలీ ఉంది. తీరం వైపు దిగడానికి బ్రేకు పట్టుకు కూర్చుంటే చాలు, అదే జారుతుంది. ఎక్కడమే కష్టం. అది వచ్చేటప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

లాగ్ 5.
రెండో పోస్టు, రాళ్ళమెట్ట. ముసురు. బ్యాటరీ సగం.

పైడిరాజు ఇరవైల్లో ఉన్న కుర్రాడు. నేను రాగానే లేచి నిలబడ్డాడు, మంచినీళ్ళిచ్చాడు, కుర్చీ తుడిచాడు. లాగ్ తీసి చూపించమంటే మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. అందులో మూడో పోస్టు నుంచి విన్నది ఒకలాగుంది, నాకు చెప్పింది ఒకలాగుంది. విన్నదాని మీద చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి తియ్యి బాబూ అన్నాను.

‘నాను సెప్పలేనమ్మా. మీరు మా అమ్మ కన్నా పెద్దోరు. మీతోటి ఆ మాట ఎలగ అనమంటారు?’

ఏ మాట అన్నాను. చాలాసేపు నసిగి, చివరికి గోడ వైపు తిరిగి నిలబడితే చెప్పగలనన్నాడు. సరే తిరగమన్నాను. గోడ మీది బల్లితో చెప్పాడు: ‘ఒసే మొద్దూ, నాకు జలుబు సేసి తగ్గిందిలే. ఈ ఏడైనా మోకాళ్ళకి నూనె రాసుకుంటన్నావా లేదా? సచ్చేలోగా ఒక్కసారి తిన్నగా కబురంపవే గాడిదా, సర్కారు ఉత్తరంలాగ అంపుతావేటి?’

ఇంతకు ముందు వచ్చినవి కూడా ఇలాగే ఉండేవా అని అడిగాను. అన్నీ ఇంతేనట. ప్రతి ఏడూ ‘ఒసే’తోనే మొదలయ్యేదట. తనకి ముందున్న ఆపరేటర్ ఈ పోస్టు అప్పజెప్పేటప్పుడు ‘ఆ లాస్యమ్మగారి కబుర్లు కాస్త కడిగి పంపు’ అని మరీ చెప్పి వెళ్ళాడట. మొదట్లో నేను పంపిన చెణుకుల్ని కూడా అటువైపు అలాగే కడిగేవారట.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. పైడిరాజు కంగారుపడి కాళ్ళ మీద పడబోయాడు. లేవరా బాబూ, నువ్వేం తప్పు చేశావు, నీకు పెద్దలంటే గౌరవం ఉంది, అదే నా కొంప ముంచింది అన్నాను. మా అప్ప నన్ను మరచిపోలేదు. ఏటేటా తిడుతూనే ఉంది. ఆ తిట్లన్నీ ఈ రాళ్ళమెట్ట మీద ఆగిపోయాయి.

లాగ్ 6.
మూడో పోస్టు, చింతమెట్ట. ముసురు. బ్యాటరీ సగానికి తక్కువ.

ఈ పోస్టు ఆపరేటర్ నూకాలు, మా అప్ప కూతురే. నాలుగేళ్ళ కిందట, ముసురు ముందే విడిచిన ఏడు, తీరంలో పడవ దిగి మెట్టెక్కింది, ఇక్కడి వాణ్ణే చేసుకుంది. అతను పాత తీగల రాగి ఏరడానికి పై ఊళ్ళకి పోయి ఇంకా రాలేదు. నూకాలు నిండు నెలల మనిషి. పాదాలు పొంగి ఉన్నాయి. మంత్రసాని ఒకావిడ ఇంట్లోనే మకాం పెట్టింది. ఎలా ఉన్నావే అంటే అంతా బాగున్నాది పిన్నీ అంది.

నా కబురు సంగతి అడిగాను. ‘ఒసే’లూ ‘గాడిద’లూ తను ముట్టుకోలేదట, ఉన్నవున్నట్టే పంపిందట. మరి జలుబు? దాని దగ్గర మాత్రం తల దించుకుంది. నాలుగో పోస్టు నుంచి వచ్చింది జలుబు కాదట. ‘గొంతుకి చిన్న వైద్యం చేస్తారు, భయం లేదు’ అని వచ్చిందట. వైద్యం అంటే పిన్ని కంగారు పడుతుందని జలుబు చేసేసింది, తగ్గిపోయింది అని కూడా తనే కలిపింది.

చిన్న వైద్యమేగా పిన్నీ అంది. చిన్నదేలే అన్నాను. ఒక్కో మెట్ట దిగుతుంటే ఒక్కో పొర ఊడుతోంది. అక్కడ తిండి కూడా తినకుండా ట్రాలీ ఎక్కాను.

లాగ్ 7.
నాలుగో పోస్టు, కొమ్ముమెట్ట. కుండపోత. బ్యాటరీ పావుకి కాస్త పైన.

గవరయ్య నన్ను చూడగానే గుమ్మంలో కూలబడిపోయాడు. ఎవరో ఒకరు వస్తారని ముందే అనుకున్నాడట. అడగక్కర్లేకుండానే చెప్పాడు. అప్ప గొంతులో గడ్డ. తెప్పలపేట ఆసుపత్రిలో రేపు మధ్యాహ్నం కోసేస్తారు. ప్రాణం నిలబడొచ్చు, గొంతు నిలబడదు. అప్ప ఈ కబురు కూతురికీ నాకూ చెప్పమని మూడుసార్లు పంపిందట.

‘మూడుసార్లూ నోరు తెరిసినానమ్మా. అటేపు ఉన్నది ఆ తల్లి కూతురు. నిండు నెలల మనిసికి నీ తల్లి గొంతు కోసేత్తారని ఎలగ సెప్తాను? పోస్టు ఉద్యోగం గావొచ్చు, నా నోటికి ఒక నీతి ఉండదేటి?’

నాకు వచ్చిన కోపానికి ఆ ముసలాణ్ణి ఏమన్నానో లాగ్‌లో రాయను. ఒకడు గౌరవం కొద్దీ, ఒకత్తె ప్రేమ కొద్దీ, ఒకడు నీతి కొద్దీ. ముగ్గురూ మంచివాళ్ళే, ఎవరూ అబద్ధాలకోరులు కారు. ముగ్గురి మంచితనం మధ్యలోంచి మా అప్ప గొంతు జలుబై, తగ్గిపోయి, క్షేమమై నాకు చేరింది. ఇంకో వారం ఆ కాలేజీలో కూచుని రాగి తోముకుంటూ ఉంటే ఆ గొంతు ఇక నాకు లేదు.

ఇప్పుడే కలపమన్నాను. తెప్పలపేటవాళ్ళు సెట్టు తెరిచేది పొద్దుటిపూట ఒక్కసారే. పైగా ఈ ముసురుకి సోలార్ పలకల మీద ఎండ పడక బ్యాటరీ పడిపోతోంది. రేపు పొద్దున్న ఒక ఇంటివాళ్ళు మాట్లాడుకోవడానికి సరిపోతుందేమో అన్నాడు గవరయ్య. తీరంలోని మిగతా కబుర్లన్నీ ఆపేస్తాను, అది మీదే అన్నాడు. రాత్రి సెట్టు పక్కనే పడుకున్నాను.

లాగ్ 8.
నాలుగో పోస్టు. ముసురు వదల్లేదు. బ్యాటరీ పావు కంటే తక్కువ.

గవరయ్య ఏరియల్ సముద్రం వైపు తిప్పి, లహరమ్మగారిని పిలవమని చెప్పి, హెడ్‌ఫోన్ నా చేతికిచ్చి బయటికి వెళ్ళాడు. ముందు హోరు. తర్వాత ఎవరో కుర్చీ లాగిన చప్పుడు. తర్వాత ఒక దగ్గు.

‘గవరయ్యా, ఈసారైనా ఉన్నదున్నట్టు చెప్పవయ్యా దానికి.’

నేను దాచుకున్న గొంతు కాదు అది. బొంగురుపోయి, మాటకీ మాటకీ మధ్య గాలి పోతోంది. అయినా ‘దానికి’ అనడంలో ఆ విసురు మా అప్పదే. వెయ్యిమందిలో ఉన్నా పట్టుకుంటాను.

‘నేనే అప్పా. లాస్యని. కొమ్ముమెట్ట మీద ఉన్నాను.’

సెట్టు పాడైందేమో అని బ్యాటరీ ముల్లు చూశాను. అప్పుడంది: ‘పళ్ళున్నాయా నీకు?’

పైవి ఉన్నాయి అన్నాను. నాకు కిందవి ఉన్నాయి, ఇద్దరికీ కలిపి ఒక నోరు సరిపోద్ది అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి ఎంతకీ ఆగలేదు. ఆగాక మోకాళ్ళ సంగతి అడిగింది. నూనె రాస్తున్నానని అబద్ధం చెప్పాను, పట్టేసుకుని తిట్టింది. హాయిగా తిట్టించుకున్నాను. రాజాం హాస్టల్, దిండు పక్కన ఫోన్, ఆ కిర్రుమనే ఫ్యాను గుర్తుందా అన్నాను. ‘నువ్వు గురక పెట్టేదానివి. అది వింటే గానీ నాకు నిద్ర పట్టేది కాదు’ అంది. ఇన్నేళ్ళూ నాకు తెలీని సంగతి అది. ఇంకా చెప్పు అప్పా అన్నాను. ఏదైనా చెప్పు, ఊరికే ఉన్నా సరే, ఊపిరి తీస్తూ ఉండు అన్నాను.

‘నూకాలుకి చెప్పారా?’ అంది.

చెప్పలేదన్నాను. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను.

‘దానివైపు తిప్పు. నా గొంతులో గడ్డ ఉందని, ఇవాళ మధ్యాహ్నం కోసేస్తారని చెప్పు. కోశాక నాకు మాట ఉండదని, నాకు భయంగా ఉందని చెప్పు. ధైర్యంగా ఉన్నానని మాత్రం చెప్పకే, నీకు పుణ్యముంటుంది.’

బ్యాటరీ సంగతి చెప్పాను. ఒకసారి కొండవైపు తిప్పితే మళ్ళీ ఇటు తిప్పేందుకు మిగులుతుందో లేదో అన్నాను. నేను నడిచి వెళ్ళి దానికి చెప్తాను, ఈ కాసేపు నాతో ఉండు అని బతిమాలాను. సిగ్గు లేకుండా బతిమాలాను.

‘నువ్వు నడిచి వెళ్ళేసరికి నాకు మాట ఉండదు. అది ఏదో ఒకటి అంటుంది కదా. దానికి జవాబు నా నోటితో చెప్పాలి నేను. నువ్వు విన్నావు, చాలు. తిప్పు.’

తిప్పాను. నా చేత్తోనే మా అప్ప గొంతుని వదిలి ఏరియల్ కొండవైపు తిప్పాను. గవరయ్య గుమ్మంలో నిలబడి చేతులు జోడించాడు, వద్దన్నట్టు.

నూకాలు పలికింది. ‘ఏటి పిన్నీ, అమ్మతో మాటాడినావా, ఎలగుంది’ అంది ఉత్సాహంగా. అప్పుడు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దారిపొడుగునా అందర్నీ తిట్టుకుంటూ వచ్చిన నా నోట్లోకి ‘బాగుందమ్మా, ఏం భయం లేదు’ అనే మాట దానంతట అదే వచ్చి కూచుంది. ఎవరూ నేర్పక్కర్లేదు, అది మా నాలుకల మీద పుట్టి పెరిగిన మాట. పైడిరాజు ఎందుకు గోడ వైపు తిరిగాడో, ఈ ముసలాయన ఎందుకు మూడుసార్లు నోరు మూసుకున్నాడో అప్పుడు తెలిసింది నాకు. కళ్ళు మూసుకున్నాను.

‘నూకాలూ, నేను మీ అమ్మని. నా గొంతులో గడ్డ ఉంది. ఇవాళ మధ్యాహ్నం కోసేస్తారు. కోశాక నాకు మాట ఉండదు. నాకు భయంగా ఉందే.’

అంతే అన్నాను. ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు. అటు వాన చప్పుడొక్కటే వినపడింది. ముల్లు దిగుతోంది. ఏడుస్తోందేమో, స్పృహ తప్పిందేమో, నేను ఎంత పాపిష్టిదాన్ని అనుకుంటుండగా మాట వచ్చింది.

‘అమ్మా, నాకూ బయంగానే ఉన్నాది. బిడ్డ అడ్డంగా ఉన్నాదంట. మంత్రసాని నిన్నట్నుంచి పొట్ట నిమురుతానే ఉన్నాది. పిన్నికీ సెప్పలేదు, ఎవలికీ సెప్పలేదు. బాగున్నానని సెప్పి సెప్పి అలిసిపోనానమ్మా.’

ఏరియల్ సముద్రం వైపు తిప్పాను. అప్ప అక్కడే ఉంది. ‘అమ్మా, నేను నూకాలుని. నాకూ భయంగానే ఉంది. బిడ్డ అడ్డంగా ఉందంట’ అన్నాను. అది అన్న వరసలోనే అంతా అన్నాను.

అప్ప దగ్గింది. తర్వాత గొంతు సవరించుకుని, మాట మాట విడదీసి చెప్పింది.

‘నువ్వూ అడ్డంగానే ఉన్నావే. తెప్ప మీద, ఇలాంటి ముసురులోనే. అందరూ ఆశ వదిలేశారు. తెల్లారేసరికి నీ అంతట నువ్వే తిరిగావు, మొండిఘటానివి. నీ బిడ్డా తిరుగుద్ది. వినపడిందా? తిరుగుద్ది.’

వినపడింది అప్పా అన్నాను. నా మాట అటు చేరిందో లేదో తెలీదు. ముల్లు కింద పడిపోయింది. నేను విన్న ఆఖరి మాటలు నాకు చెప్పినవి కావు. ఏరియల్ కొండవైపు తిప్పి చూశాను, సెట్టు మూగగా ఉంది. గవరయ్య బ్యాటరీ మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు.

లాగ్ 9.
మూడో పోస్టు, చింతమెట్ట. వాన వెలిసింది. ఎండ పొడ కాస్త తగిలింది. బ్యాటరీ సంగతి నేను చూడలేదు.

ట్రాలీని అక్కడే వదిలేసి పట్టాల వెంట ఎక్కాను. మోకాళ్ళు నావి కావు. దారంతా ఆ మాటల్ని పైకి అనుకుంటూనే నడిచాను. తలలో పెట్టుకుంటే ఏదో ఒకటి చేర్చేస్తానని నా మీద నాకే అనుమానం. ఎక్కడ దగ్గిందో అక్కడ దగ్గాను. ‘మొండిఘటానివి’ దగ్గర ఎంత ఆగిందో అంతే ఆగాను. పట్టాల సొరంగంలో నా మాట నాకే తిరిగి వినపడుతుంటే, అది నా గొంతో అప్ప గొంతో ఒక్కోసారి తెలిసేది కాదు.

నేను చేరేసరికి పొద్దు వాలింది. నూకాలుకి నొప్పులు మొదలయ్యాయి. చాపమీద గోడకి ఆనుకుని కూచుంది, మంత్రసాని ఆముదం చేత్తో పొట్ట నిమురుతోంది. తడిబట్టలతోనే పక్కన కూలబడి, విన్నది విన్నట్టు చెప్పాను. నా చెయ్యి పట్టుకుని విన్నది.

ఎండ పొడకి గవరయ్య బ్యాటరీ కాస్త లేచినట్టుంది, తెప్పలపేటవాళ్ళూ ఈ ఒక్కరోజుకి సాయంత్రం సెట్టు తెరిచారట, చీకటి పడకుండానే పిలిచాడు. సెట్టు దగ్గర నేనే కూచున్నాను. ‘కోసినారు. పేణం ఉన్నాది. గొంతు లేదు’ అన్నాడు. మూడే మాటలు, ఏ మెత్తదనమూ లేకుండా. అంతకు మించి ఆయన చెయ్యగలిగింది లేదు, ఆ మాటలు అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. వెనక్కి తిరిగి నూకాలుకి అవే మూడు మాటలు చెప్పాను.

అది కళ్ళు తుడుచుకుంది. నొప్పి వచ్చి, పళ్ళు బిగించి, నొప్పి పోయేదాకా నా మణికట్టు వదల్లేదు. మంత్రసాని పొట్టమీద చెవి పెట్టి, బిడ్డ కదులుతున్నాది, చూద్దాం అంది.

‘పిన్నీ, అమ్మ ఏటన్నాదో మళ్ళీ అను. దగ్గుతో సహా అను.’

అన్నాను.